‘ఏదైనా చూడండి’ అనొద్దు, ఇరవై నిమిషాలు అడగండి: ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తెలిసినవాళ్ళని కలిసే పద్ధతి

మా శ్రీకాకుళం జిల్లాలో పిల్లాడి డిగ్రీ అయిపోయిందంటే ఇంట్లో మొదట జరిగే పని బయోడేటా జెరాక్సులు తీయించడం. పెళ్ళికో గృహప్రవేశానికో వెళ్ళినప్పుడు నాన్న ఆ కవరు సంచిలో పెట్టుకుని వస్తారు, భోజనాలయ్యాక హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో స్థిరపడ్డ చుట్టాన్ని పక్కకి పిలిచి "మావాడికి ఏదైనా చూడు బావా" అంటారు, ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని "చూద్దాం బావా, ఇప్పుడు ఎక్కడా బాగోలేదు" అంటారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఏడాదిన్నరలో నా బయోడేటా అలా పదకొండు మంది చేతికి వెళ్ళింది. ఒక్కరూ ఫోన్ చేయలేదు. చాలా రోజులు వాళ్ళ మీద కోపంగా ఉండేది. నేనే ఒక కంపెనీలో చేరి, నా చేతికీ అలాంటి కాగితాలు రావడం మొదలయ్యాక అర్థమైంది, ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఉద్యోగం లేదు. లేనిదాన్ని అడిగితే ఎవరైనా మొహమాటపడి తప్పించుకుంటారు, ఆ తర్వాత మన ఫోన్ ఎత్తడానికి కూడా ఇబ్బంది పడతారు.

వాళ్ళ దగ్గర తప్పకుండా ఉండేది తమ పని గురించిన అనుభవం. రోజూ ఏం చేస్తారు, ఆ పనిలోకి మనుషుల్ని ఎలా తీసుకుంటారు, కొత్తగా చేరినవాళ్ళు ఎక్కడ తడబడతారు, ఇవన్నీ వాళ్ళకి తెలుసు. వాటిని అడిగితే ఎంత బిజీగా ఉన్నవాళ్ళైనా మాట్లాడతారు. దీన్నే కంపెనీల భాషలో ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అంటారు. ఇందులో ప్రశ్నలు అడిగేది మీరు, జవాబు చెప్పేది వాళ్ళు. ఉద్యోగం అడగరు. ఇరవై నిమిషాలు, నాలుగైదు మంచి ప్రశ్నలు, ఒక నోట్‌బుక్, అంతే ఖర్చు. డిగ్రీ అయి కూర్చున్నవాళ్ళకీ, ఉద్యోగం మారాలనుకునేవాళ్ళకీ, నాలుగేళ్ళు గ్రూప్స్‌కి చదివి ఇప్పుడు ప్రైవేటు వైపు చూస్తున్నవాళ్ళకీ పనికొస్తుందని నమ్మి, నేను చేసిందీ నేర్చుకున్నదీ మొత్తం రాస్తున్నాను.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

దగ్గరి చుట్టాలూ ప్రాణస్నేహితులే సాయం చేస్తారని మనం అనుకుంటాం. ప్రేమ వాళ్ళకే ఎక్కువ, కాదనను. కానీ మనకి తెలిసిందే వాళ్ళకీ తెలుసు. మా ఫ్రెండ్స్ బ్యాచ్ అంతా ఒకే కోచింగ్‌కి వెళ్ళేవాళ్ళం, ఒకే వాట్సాప్ గ్రూపులో ఒకే నోటిఫికేషన్ పదిసార్లు ఫార్వర్డ్ చేసుకునేవాళ్ళం. కొత్త సంగతి ఎక్కడి నుంచి వస్తుంది?

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఇదే విషయం మీద ఒక పేపర్ రాశారు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని, ఆ సంగతి చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలుస్తుండేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్ళమని చెప్పింది 16.7 శాతం మందే. మిగతా అందరికీ ఆ కబురు అప్పుడప్పుడు కలిసేవాళ్ళ నుంచో, ఎప్పుడో ఏడాదికొకసారి కనిపించేవాళ్ళ నుంచో వచ్చింది. అది చిన్న సర్వేనే, కానీ 2022లో లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద చేసిన పెద్ద పరిశీలన కూడా దాదాపు ఇదే చెప్పింది: బాగా దగ్గరివాళ్ళ కంటే కాస్త ముఖపరిచయం ఉన్నవాళ్ళ వల్లే ఉద్యోగం మారడం ఎక్కువగా జరుగుతోంది. కొత్త లోకం వాళ్ళ దగ్గరే ఉంటుంది కదా.

కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని ముప్పై పేర్లు రాయండి. పది దాటాక ఆగిపోతారు, అది మామూలే, అక్కడి నుంచే అసలు పని. కాలేజీలో రెండు మూడేళ్ళ సీనియర్లు, ల్యాబ్‌లో మీకు రికార్డులు ఇచ్చిన అక్క, ఇంటర్ లెక్చరర్, మీ మేస్టారి అల్లుడు, ఎదురింట్లో అద్దెకుండి బదిలీ మీద వెళ్ళిపోయిన బ్యాంకు ఉద్యోగి, నాన్నతో కలిసి పనిచేసినవాళ్ళ పిల్లలు, ఊరి అమ్మవారి పండక్కి మాత్రమే కనిపించే అబ్బాయి, ఆమదాలవలస స్టేషన్లో బెర్తు కోసం మాట కలిసి నంబర్లు ఇచ్చిపుచ్చుకున్న మనిషి. సిగ్గుపడకుండా అందరినీ రాయండి, వడపోత తర్వాత.

లింక్డ్‌ఇన్ ఉంటే మీ కాలేజీ పేజీ తెరిచి అందులో అలుమ్నై అనే భాగానికి వెళ్ళండి. మనవాళ్ళు చాలామంది దాన్ని చూడనే చూడరు. ఆ కాలేజీలో చదివినవాళ్ళు ఎక్కడ ఉంటున్నారు, ఏ కంపెనీలో ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నీ విడగొట్టి చూపిస్తుంది. రాజాం జీఎంఆర్‌ఐటీ అయినా, విజయనగరం ఎంవీజీఆర్ అయినా, టెక్కలి ఆదిత్య అయినా, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ అయినా పేరు కొట్టి చూడండి, మన ఊళ్ళ నుంచి ఎంతమంది ఎక్కడెక్కడ ఉన్నారో చూస్తే ధైర్యం వస్తుంది.

ముప్పైలోంచి మొదట ఎనిమిది మందిని తీయండి. ఎంపికలో నేను పాటించే నియమం ఒకటే: మీకంటే మూడు నుంచి ఏడేళ్ళు ముందున్నవాళ్ళు. జనరల్ మేనేజర్‌ని కలిస్తే పని అయిపోతుందని ఇంట్లో అంటారు. ఆయన ఫ్రెషర్‌గా చేరి పాతికేళ్ళయి ఉంటుంది, ఇప్పుడు ఫ్రెషర్లని ఎలా తీసుకుంటున్నారో ఆయనకి వివరంగా తెలియకపోవచ్చు. నాలుగేళ్ళ కిందట చేరిన అబ్బాయికైతే రాత పరీక్షలో ఏం వచ్చిందో, మొదటి జీతం ఎంతో, కంపెనీ బస్సు ఏ జంక్షన్‌లో ఆగుతుందో కూడా గుర్తుంటుంది.

మీకు ఏం తెలియదో ముందు మీకు తెలియాలి

"ఫార్మాలో జాబ్స్ ఎలా ఉంటాయి అన్నా?" అని అడిగితే "బాగానే ఉంటాయి" అనే జవాబే వస్తుంది. తప్పు ప్రశ్నది. పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీల్లో కెమిస్ట్రీ చదివినవాడు క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) లోకి వెళ్ళొచ్చు, క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) లోకి వెళ్ళొచ్చు, ప్రొడక్షన్‌లోకి, పరిశోధన చూసే ఆర్ అండ్ డీలోకి వెళ్ళొచ్చు. నాలుగూ నాలుగు బతుకులు. ప్రొడక్షన్‌లో రియాక్టర్ల పక్కన షిఫ్టుల్లో నిలబడాలి, క్వాలిటీ కంట్రోల్‌లో ల్యాబ్‌లో శాంపిళ్ళు పరీక్షించాలి, అస్యూరెన్స్‌లో జరిగిన పని పద్ధతి ప్రకారం జరిగిందో లేదో కాగితాల మీద సరిచూడాలి. ఈ తేడా తెలియకుండానే నేను ఏడాదిన్నర "ఫార్మా, ఫార్మా" అన్నాను.

భోగాపురం ఎయిర్‌పోర్టు సంగతీ అంతే. విజయనగరం జిల్లాలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఎయిర్‌పోర్టు ఉద్యోగాల మాటే వినిపిస్తుంది, కానీ ఎయిర్‌పోర్టు అంటే ఒక్క ఆఫీసు కాదు. కట్టేటప్పుడు సైట్ ఇంజనీర్లూ సర్వేయర్లూ కావాలి. నడిచేటప్పుడు సామాన్లు ఎక్కించి దించే గ్రౌండ్ హ్యాండ్లింగ్ వేరే కంపెనీ, టికెట్ కౌంటర్లో ఉండేది విమానసంస్థ, లోపలి దుకాణాలు ఇంకెవరివో, ఏసీలూ కరెంటూ చూసుకునేది మరొకరు. మీకు అందులో ఏది కావాలో తేలితే, ఇప్పటికే వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో అదే పని చేస్తున్న మనిషిని వెతకొచ్చు. తేలకపోతే ఎవరిని కలవాలో కూడా తెలియదు.

అందుకే ఎవరికీ మెసేజ్ పెట్టకముందే కూర్చుని మీ నిజమైన సందేహాలు మూడు రాసుకోండి. గూగుల్‌లో ఐదు నిమిషాల్లో దొరికే జవాబులు ఆ మూడింట్లో ఉండకూడదు. నా మూడూ ఇవి: క్వాలిటీ కంట్రోల్‌లో చేరితే అస్యూరెన్స్‌కి మారడం కుదురుతుందా, రాతలో ఓపికా ఇంగ్లీషూ ఉన్నా ల్యాబ్‌లో చెయ్యి నెమ్మదైన మనిషి అక్కడ నిలబడగలడా, ఏడాదిన్నర గ్యాప్‌ని వాళ్ళు ఎంత పట్టించుకుంటారు.

మధ్యలో ఒక మనిషి

పెద్ద నగరాల్లో తెలియనివాళ్ళకి నేరుగా మెసేజ్ పెట్టేస్తారు. మన దగ్గర కూడా పెట్టొచ్చు, కానీ తెలిసినవాళ్ళు ఒక్క మాట చెప్తే దారి చాలా సులువవుతుంది. "ఫలానా మేస్టారి స్టూడెంట్" అనగానే అవతలి గొంతు మారిపోవడం నేను చాలాసార్లు విన్నాను.

ఆ మధ్యమనిషిని ఎలా అడుగుతారన్నది ముఖ్యం. మీరు ఉద్యోగం అడిగి తన పరువు తీస్తారేమోనని ఆయన భయం. ఆ భయం ముందే తీసేయండి. "బాబాయ్, మీ తోడల్లుడి గారబ్బాయి పైడిభీమవరంలో క్యూసీలో చేస్తున్నారు కదా, ఆయన్ని ఉద్యోగం అడగను, ఆ పని ఎలా ఉంటుందో కనుక్కోవాలి, ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడితే చాలు. ఆయన్ని ఒకసారి అడిగి, సరే అంటేనే నంబరు ఇవ్వండి." సరే అంటేనే అన్న మాట తప్పకుండా ఉండాలి. అడక్కుండా నంబరు తీసుకుని చేస్తే మొదటి నిమిషంలోనే చికాకు మొదలవుతుంది.

ఇంకో మాట, ఇది కాస్త కష్టమైనదే కానీ చెప్పాలి. ఇంట్లోవాళ్ళని ఫోన్ చేయనివ్వకండి. అమ్మానాన్నలకి మన మీద బెంగ ఉంటుంది, వాళ్ళు ఫోన్ చేశారంటే రెండో వాక్యంలో "మావాడికి ఏదైనా చూడు బాబూ" వచ్చేస్తుంది, మీరు జాగ్రత్తగా కట్టుకున్నదంతా అక్కడితో పోతుంది. వాళ్ళని కూర్చోబెట్టి ఏం చేస్తున్నారో నెమ్మదిగా చెప్పండి. మా నాన్నకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మెసేజ్ ఎలా రాయాలి

నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం "హాయ్ సర్" అని ఉంటాయి. అంతే. నేను ఏమనాలో తెలియదు. రెండో రకం, రెజ్యూమే పీడీఎఫ్ పెట్టి "ప్లీజ్ రెఫర్ సర్", అంటే మీ కంపెనీకి నా పేరు సిఫార్సు చేయండని. మూడో రకం, రోజూ గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మ పెట్టి పదో రోజున అసలు విషయం. అన్నిటిలోనూ వెనక ఒక కష్టం ఉందని నాకు తెలుసు, కానీ అవతల ఉన్నది బస్సులో నిలబడి ఫోన్ చూసుకుంటున్న మనిషి, ఒక్క చూపులో విషయం అందకపోతే పక్కన పెట్టేస్తాడు.

ఇలా రాయండి:

"నమస్తే అండి. నా పేరు ఫలానా, శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పోయిన ఏడాది పూర్తిచేశాను. ఫలానా మేస్టారు మీ నంబరు ఇచ్చారు. నేను క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అస్యూరెన్స్ రెండింట్లో దేనివైపు వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్నాను. మీరు రెండూ చూశారని మేస్టారు చెప్పారు. వచ్చే రెండు వారాల్లో మీకు వీలైన రోజు 20 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? ఉద్యోగం అడగడానికి కాదండి, పని గురించి తెలుసుకోవడానికే. వీలుకాకపోయినా పర్వాలేదు, చదివినందుకు థాంక్స్."

ఇందులో మీరెవరు, ఎవరి ద్వారా వచ్చారు, ఏం కావాలి, ఎంతసేపు, కాదనడానికి దారి, అన్నీ ఉన్నాయి. రెజ్యూమే లేదు. వాయిస్ నోట్ లేదు. తెలియని మనిషి పంపిన రెండు నిమిషాల వాయిస్ నోట్ ఆఫీసులో కూర్చుని ఎవరూ వినలేరు.

పిలుపు గురించి చాలామంది అడుగుతారు. మొదటి మెసేజ్‌లో పేరు చివర "గారు" పెట్టండి, ఆడవాళ్ళైతే "మేడమ్" అన్నా సరే. మనవైపు రెండు మాటలు కలిస్తే అన్నయ్య, అక్క వచ్చేస్తాయి, అది మంచిదే, కానీ ఆ మాట అటువైపు నుంచి రానివ్వండి. "సర్ ఏటి బాబూ, అన్నయ్యా అను" అన్నాక అనండి. ముందే "అన్నా" అంటే కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు, ఎవరికో తెలియనప్పుడు ఎందుకు?

వేళ కూడా చూసుకోండి. చాలా ఫ్యాక్టరీల్లో పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి మళ్ళీ ఆరు షిఫ్టులు. ఫార్మా ప్లాంట్లలో చాలాచోట్ల లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, ఎనిమిది గంటలు జవాబు రాకపోతే మిమ్మల్ని పట్టించుకోలేదని కాదు. రాత్రి షిఫ్టు చేసినవాళ్ళకి పొద్దున పదింటికి ఫోన్ చేస్తే నిద్ర పాడుచేసినట్టే. అందుకే ముందు మెసేజ్, ఫోన్ తర్వాత.

జవాబు రాకపోతే వారం పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి: "నమస్తే అండి, పోయిన వారం మెసేజ్ పెట్టాను, పనిలో ఉండి ఉంటారు. వీలైతే చెప్పండి." అప్పుడూ రాకపోతే వదిలేయండి. మధ్యమనిషికి ఫిర్యాదు చేయకండి. నా ఎనిమిది మందిలో ముగ్గురు జవాబివ్వలేదు. వాళ్ళలో ఒకాయన్ని తర్వాత ఒక పెళ్ళిలో కలిశాను, ఆ నెలలో వాళ్ళ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారట.

సంక్రాంతి, సిరిమానోత్సవం, ఆదివారం

మన జిల్లాల నుంచి జనం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, గల్ఫ్ దాకా వెళ్ళిపోయారు. ఈ వలస మనకి బాధే, కానీ ఏడాదిలో కొన్ని రోజులు వాళ్ళంతా మన వీధిలోనే ఉంటారు. సంక్రాంతికి ప్రతి ఊళ్ళో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, సైట్ ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లు అందరూ అరుగుల మీదే కనిపిస్తారు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం చుట్టుపక్కల వాళ్ళంతా దిగుతారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు సరిగ్గా ఆ రోజుల్లోనే "ఇప్పుడేం చేస్తన్నావు?" అన్న ప్రశ్నకి భయపడి ఇంట్లో దాక్కుంటారు. నేనూ ఒక సంక్రాంతి మొత్తం మేడ మీద గదిలోనే గడిపాను. అది నేను పోగొట్టుకున్న అతి మంచి అవకాశం.

జనవరి మొదటి వారంలోనే మెసేజ్ పెట్టేయండి, "పండక్కి వస్తున్నారా అండి, వస్తే ఒక అరగంట కలవొచ్చా" అని. భోగి రోజు, పెద్ద పండుగ రోజు అడగకండి, అవి ఇంటివి. కనుమ మర్నాడు పొద్దున్న మంచిది, తిరుగు ప్రయాణం మొదలవ్వకముందు కాస్త తీరిక ఉంటుంది.

మామూలు రోజుల్లో అయితే ఫోనే మేలు. కలవాల్సి వస్తే వాళ్ళకి దగ్గర్లో, వాళ్ళు చెప్పిన చోట. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో, విజయనగరంలో గంటస్తంభం దగ్గరో టిఫిన్ హోటల్ అయితే ఉదయం రద్దీ తగ్గాక పదిన్నర ఆ ప్రాంతంలో కూర్చోండి, లేకపోతే సర్వర్ అరుపుల్లో ఏమీ వినపడదు. టీ డబ్బులు మీరు ఇవ్వబోండి, వాళ్ళు వద్దంటే రెండోసారి పోట్లాడకండి. అమ్మాయిలు మొదటిసారి కలుస్తుంటే జనం ఉండే చోటే కలవండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, అన్నయ్యనో స్నేహితురాలినో పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకున్నా తప్పులేదు. గదికి రమ్మన్నా, రాత్రి వేళ కలుద్దామన్నా ఫోన్లో మాట్లాడదామని చెప్పి ఆపేయండి. అక్కడ మొహమాటం అక్కర్లేదు.

ఆ ఇరవై నిమిషాలు

మొదటి ఐదు నిమిషాలు "ఏ ఊరు, ఎవరబ్బాయివి" లోనే పోతాయి. పోనివ్వండి. మా ఊరి పేరు చెప్పగానే "మీ ఊరి తోటలో జీడిపప్పు కొనేవాళ్ళం" అని మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు, ఆ మాటతోనే మనుషులు దగ్గరవుతారు. కొందరు ఇంటిపేరు దగ్గర ఆగి కులం దాకా వెళ్తారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన పని లేదు, "నేను ముఖ్యంగా అడగాలనుకున్నది మీ పని గురించండి" అని మర్యాదగా దారి మళ్ళించండి.

తర్వాత నేను ఎప్పుడూ మొదట అడిగే ప్రశ్న: "నిన్న మీరు డ్యూటీకి వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఏమేం చేశారో చెప్తారా?" ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగితే అభిప్రాయం వస్తుంది, నిన్న ఏం చేశారంటే నిజం వస్తుంది. క్వాలిటీ కంట్రోల్ అంటే తెల్లకోటు వేసుకుని మెషిన్ల ముందు కూర్చోవడం అనుకున్నాను. ఆ రోజు ఫోన్లో మాట్లాడినాయన గంట గంటకీ చెప్పుకుంటూ పోతుంటే రోజులో దాదాపు సగం రాతపనేనని తెలిసింది. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద శాంపిల్ పెట్టడం ఒకెత్తు, చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడు రాసి సంతకం పెట్టడం ఒకెత్తు, రాయని పని చేయని పనితో సమానమని అక్కడ అంటారట. చాలామందికి అది విసుగు. నాకు మాత్రం అప్పుడే ఆశ పుట్టింది, ఎందుకంటే రాత నాకు ఇష్టం. అస్యూరెన్స్ వైపు వెళ్ళాలని ఆ ఫోన్‌కాల్‌లోనే అనుకున్నాను.

ఇంకా అడగదగినవి: ఈ పని ఎలాంటివాళ్ళకి పడదు? కొత్తవాళ్ళు మొదటి ఆరు నెలల్లో ఏ తప్పులు చేస్తారు? ఇద్దరు ఫ్రెషర్లకి ఒకే మార్కులుంటే మీ వాళ్ళు దేన్ని చూసి ఒకరిని తీసుకుంటారు? నా పరిస్థితిలో మీరుంటే వచ్చే మూడు నెలలు ఏం నేర్చుకుంటారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఉండదు, శ్రద్ధగా రాసుకోండి.

జీతం అడగొచ్చా? అడగొచ్చు, కానీ "మీకెంత వస్తుంది" అని కాకుండా "ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకి ఎంత నుంచి ఎంత దాకా ఇస్తున్నారు, మూడేళ్ళకి ఎంతవుతుంది" అని. కంపెనీ లోపలి సంగతులు, ఏ కస్టమర్‌కి ఏం చేస్తున్నారు, ఇంటర్వ్యూ పేపర్ ఏమొస్తుంది లాంటివి అడగకండి. వాళ్ళ ఉద్యోగానికే ఇబ్బంది తెచ్చినవాళ్ళమవుతాం.

గ్రూప్స్‌కో డీఎస్సీకో నాలుగైదేళ్ళు చదివినవాళ్ళు ఆ ఏళ్ళని దాచకండి. "2021 నుంచి గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యాను, రాలేదు, ఇప్పుడు అకౌంట్స్ వైపు రావాలనుకుంటున్నాను, ఈ వయసులో ఎక్కడ మొదలుపెట్టాలి?" అని సూటిగా అడిగితే ఎదుటివాళ్ళు కూడా సూటిగా చెప్తారు. మా పిన్ని కూతురు బీకామ్ అయ్యాక బ్యాంకు పరీక్షలకి మూడేళ్ళు చదివింది, విజయనగరంలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసే ఆవిడని కలిసి ఇలాగే అడిగింది. ఆవిడ చెప్పిన మాట: "ముందు జీఎస్టీ రిటర్న్ చేత్తో ఒక్కటైనా వేసి చూడమ్మా, నచ్చితే రా." మూడేళ్ళలో ఎవరూ ఆ పిల్లకి అంత పనికొచ్చే మాట చెప్పలేదు.

ఇరవై నిమిషాలు కాగానే మీరే చెప్పండి, "అండి, నేనడిగిన టైం అయిపోయింది" అని. నూటికి ఎనభైసార్లు "పర్లేదు, చెప్పు" అంటారు, కానీ మాట నిలబెట్టుకున్నారని గుర్తుంటుంది. లేచేముందు ఆఖరి ప్రశ్న: "ఈ విషయం మీద ఇంకెవరితో మాట్లాడితే మంచిదంటారు?" ఎనిమిది పేర్ల జాబితా పదిహేను అయ్యేది ఈ ప్రశ్న వల్లే.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. మూడో మనిషితో అంతా బాగా సాగింది, ఆయన నవ్వుతూ మాట్లాడుతున్నారు, నాకు ఆశ పుట్టి చివర్లో "సర్, మీ కంపెనీలో నన్ను రెఫర్ చేస్తారా" అనేశాను. ఉద్యోగం అడగనని రాసి ఇచ్చింది నేనే. ఆయన గొంతు వెంటనే మారిపోయింది, "హెచ్‌ఆర్‌ని కనుక్కోవాలి" అని ఫోన్ పెట్టేశారు. మళ్ళీ మాట్లాడలేదు. ఆయన మంచివారు, నేనే మాట తప్పాను, ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాళ్ళంతట వాళ్ళు "రెజ్యూమే పంపు" అంటే అది వేరే సంగతి, ఆ రాత్రికే పంపండి. అందుకే సిద్ధంగా ఒకటి ఉండాలి, జేబులోంచి తీయకూడదు, అంతే.

ఆ రాత్రి, ఆ తర్వాతి మూడు వారాలు

ఇంటికి రాగానే రాసుకోండి, పడుకుని లేస్తే సగం పోతుంది. తేదీ, పేరు, ఎవరి ద్వారా, ఏం చెప్పారు, నేను ఏం చేస్తానన్నాను, ఎవరి పేరు ఇచ్చారు. వాళ్ళ పాప పరీక్షలు రాస్తోందని చెప్పి ఉంటే అది కూడా.

అదే రాత్రి థాంక్స్ మెసేజ్. "థాంక్యూ సో మచ్ సర్" అని కాకుండా వాళ్ళు చెప్పినదాంట్లో ఏది పనికొచ్చిందో ఒక్కటి రాయండి. "కొత్తవాళ్ళు డాక్యుమెంటేషన్‌లోనే తడబడతారని చెప్పారు కదండి, రేపటి నుంచి దాని గురించి చదవడం మొదలుపెడుతున్నాను." పంపించిన మధ్యమనిషికి కూడా ఫోన్ చేసి కలిశానని చెప్పండి. మనవాళ్ళు ఇక్కడ చాలా మర్చిపోతారు, బాబాయ్ తర్వాత ఎవరి నుంచో విని "నాకు చెప్పనేలేదు" అనుకుంటారు.

నా లెక్కలో అన్నిటికంటే విలువైనది రెండు మూడు వారాల తర్వాత పెట్టే మెసేజ్. వాళ్ళు చెప్పిన పని చేసి, చేశానని చెప్పడం. "మీరు చెప్పిన కోర్సు పూర్తిచేశాను, రెండో భాగంలో ఇది అర్థం కాలేదు" అని. సలహా అడిగేవాళ్ళు వందమంది, పాటించి వచ్చి చెప్పేవాళ్ళు ముగ్గురో నలుగురో. నాకు మెసేజ్ పెట్టిన పిల్లల్లో అలా తిరిగి వచ్చి చెప్పినవాళ్ళ పేర్లు నాకు ఈ రోజుకీ గుర్తున్నాయి, మా దగ్గర ఖాళీ వచ్చినప్పుడు మొదట వాళ్ళే గుర్తొస్తారు.

ఆరుగురిని కలిశాక నోట్‌బుక్ మొత్తం ఒకసారి చదవండి. ముగ్గురు ఒకేమాట చెప్పి ఉంటే అది నమ్మొచ్చు. ఒక్కరే ఆ రంగం దండగ అన్నారంటే అది వాళ్ళ పై అధికారి మీద కోపం అయ్యుండొచ్చు, తేలిగ్గా తీసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఇలా తిరిగేటప్పుడు "యాభై వేలు కడితే లోపల చూసుకుంటా" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు, పండక్కి వచ్చిన చుట్టంలాగే తగులుతారు. డబ్బు మాట రాగానే అక్కడితో ఆపేయండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఓటీపీ చెప్పకండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాళ్ళు.

రెఫరల్ అడిగే రోజు

ఎప్పటికీ అడగకూడదని కాదు. ఏ పని కావాలో తేలి, వాళ్ళు చెప్పింది నేర్చుకుని, వాళ్ళ కంపెనీలో సరిగ్గా ఆ ఖాళీ పడిందని వెబ్‌సైట్‌లో చూసినప్పుడు అడగండి. చాలా కంపెనీల్లో ఉద్యోగులు రెఫర్ చేసినవాళ్ళు చేరితే రెఫర్ చేసినవాళ్ళకి కొంత డబ్బు కూడా ఇస్తారు, కాబట్టి సరిపోయే మనిషిని చూపిస్తే అది వాళ్ళకి బరువు కాదు. పనంతా మీరే చేసి వాళ్ళకి ఒక్క బటన్ నొక్కడం మాత్రమే మిగల్చండి. నాకు ఉద్యోగం తెచ్చిన మెసేజ్ ఇది, మొదట ఫోన్లో మాట్లాడినాయన ఇచ్చిన పేరుతో కలిసిన, అంతకుముందు ఏ చుట్టరికమూ లేని ఒకావిడకి ఐదు నెలల తర్వాత పెట్టాను:

"నమస్తే మేడమ్. జూన్‌లో క్యూఏ గురించి మీతో మాట్లాడాను, మీరు చెప్పిన డాక్యుమెంటేషన్ కోర్సు ఆగస్టులో పూర్తిచేశాను. మీ కంపెనీలో క్యూఏ ట్రైనీ ఖాళీ ఉందని చూశాను, జాబ్ ఐడీ కింద పెట్టాను. నేను సరిపోతానని మీకు అనిపిస్తేనే రెఫర్ చేయండి, అనిపించకపోతే ఎక్కడ లోటుందో చెప్పండి, అది కూడా నాకు పనికొస్తుంది. రెజ్యూమే, నా గురించి మూడు లైన్లు జతచేశాను."

ఆవిడ మర్నాడు ఫోన్ చేసి, రెజ్యూమేలో రెండు తప్పులు దిద్దించి, అప్పుడు పంపారు.